పలికిన పేరు

ఏలీషా అయ్యగారు వంశావళి చదివితే ఒక్క పేరూ వదలరు. ప్రతి పేరు దగ్గరా, ఎవరో పలుకుతారన్నట్టు కాసేపు ఆగుతారు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ బైబిలు పాఠశాలలో సగంమంది కునుకు తీసేది అప్పుడే.

"యబ్బేజు అంటే వేదన. నొప్పులు పడి కన్నాను కనుక తల్లే ఆ పేరు పెట్టింది," అన్నారు ఆ రోజు.

పెంటయ్య లేచి నిలబడ్డాడు. "తల్లి పెట్టిన పేరు సిగ్గుగా ఉంటే మార్చుకోవడం తప్పా, అయ్యగారూ?"

"మార్చుకోరా బాబూ! నువ్వు ప్రార్థన చేస్తే మేం ముక్కు మూసుకుని ఆమేన్ అనాల్సొస్తోంది," అన్నాడొకడు వెనక బల్ల మీంచి. అందరూ నవ్వారు.

మర్నాడే పెంటయ్యకి పాస్టరుగా అభిషేకం. నతానియేలు అని పేరు ఎంచుకున్నాడు. దేవుడిచ్చినవాడని అర్థం. ఆ పేరు ఎక్కడ విన్నాడో గుర్తు లేదు. చిన్నప్పుడెప్పుడో నిద్రలో ఎవరో గొణిగినట్టు అనిపిస్తుంది.

అయ్యగారు బైబిలు మూశారు. "పొద్దున మీ అమ్మ వస్తోందిగా. రేవుకి నేనూ వస్తాను," అన్నారు.

తెల్లవారింది కాని గోదావరి కనబడలేదు. పొగమంచులో నీరేదో ఆకాశమేదో తెలియలేదు. అయ్యగారి పక్కన మెట్ల మీద నిలబడ్డ పెంటయ్యకి తానే తేలిపోతున్నట్టుంది. తెడ్డు చప్పుడు దగ్గరికొచ్చి పక్కకి మళ్ళింది. వెంట వచ్చిన తోటివాళ్ళు తలో మెట్టు మీంచీ 'ఇటు, ఇటు' అని అరిచారు. ఆ గోలలో పడవ ఇంకా తడబడింది.

"ఒరే పెంటయ్యా! ఎక్కడున్నావురా?" అమ్మ గొంతు.

తోటివాళ్ళు అతని వైపు తిరిగారు. అతను పెదవి కొరుక్కున్నాడు. తెడ్డు చప్పుడు దూరమైపోతోంది.

"పెంటయ్యనమ్మా! ఇటు! పెంటయ్యని, ఇక్కడున్నా!" పడవ ముక్కు మెట్టుకి తగిలేదాకా అరుస్తూనే ఉన్నాడు. ఎవరూ నవ్వలేదు.

తల్లి దిగి, తడిసిన అతని తలని కొంగుతో తుడిచింది.

"అమ్మా, ఇవాళ్టినుంచి నా పేరు నతానియేలు."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "అది మీ అన్న పేరురా. నువ్వు పుట్టకముందే పోయాడు. గ్రంథంలోంచి ఏరి మరీ పెట్టాం. ఎంత పిలిచినా పలకలేదు. అందుకే చావు కన్ను పడకుండా నిన్ను పెంటకుప్ప మీద దొర్లించి, ఆ పేరే పెట్టాను. నువ్వు పలికావు."

మెట్లెక్కుతూ పెంటయ్య అయ్యగారి వైపు తిరిగాడు. మెల్లగా అడిగాడు. "ఇవాళ అభిషేకంలో నన్ను ఏమని పిలుస్తారు, అయ్యగారూ?"

అయ్యగారు మంచులోకి చూస్తున్నారు.

"నువ్వు ఏ పేరుకి పలుకుతావో గోదావరంతా విన్నది కదోయ్," అన్నారు.