ఎల్లాజీ వీపు

భీమిలి ఒడ్డున ఎల్లాజీ అనే డైవరు ఉండేవాడు. నీళ్లలో చేపతో పోటీపడగల ఆ మనిషికి, పక్కన ఇంకో మనిషి ఉంటే మాత్రం ఒళ్లు మండేది.

అతను పుట్టింది వలలు అల్లే ఇంట్లో. వీడికి నడక కంటే ముందే ఈత వచ్చిందని వాళ్లమ్మ అందరికీ చెప్పుకునేది. తల్లులు చెప్పే మాటల్ని సగానికి సగం తగ్గించుకుని వినాలి గానీ, ఎల్లాజీ విషయంలో ఆవిడ పెద్దగా పెంచి చెప్పిందేమీ లేదు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని సముద్రం అడుగుకి దిగాడంటే, అక్కడి రాళ్లూ చేపలూ అతని చుట్టాల్లాగే ఉండేవి.

ఊరి చివర భాస్కరం మాస్టారి డైవింగ్ కేంద్రం ఉండేది. మాస్టారు నౌకాదళంలో పనిచేసి వచ్చిన మనిషి. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. ఎంత మొనగాడైనా సరే, ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదు. ఇద్దరిద్దరు జతగా దిగాలి. దిగేముందు జతగాళ్లు ఎదురెదురుగా నిలబడి, ఒకరి పట్టీలు ఒకరు లాగి చూడాలి, ఒకరి గాలి ఒకరు సరిచూడాలి. ప్రతి డైవరు దగ్గరా పసుపుపచ్చ గొట్టం ఒకటి అదనంగా ఉండేది. అది తనకోసం కాదు, జతగాడి గాలి అయిపోతే అతని నోటికి అందించడం కోసం.

ఎల్లాజీకి ఈ కట్టుబాటు గిట్టేది కాదు.

"ఇంకొకడి ఊపిరి నేనెందుకు మొయ్యాలి?" అని విసుక్కునేవాడు. మాస్టారు చూస్తున్నంతసేపూ జతగాడి పక్కనే ఉండేవాడు. నీళ్లలోకి దిగాక జతగాడు ఒక దిక్కు, ఎల్లాజీ ఒక దిక్కు. పైకొచ్చాక, "ఆడే తప్పిపోయాడు మాస్టారూ" అనేవాడు. సముద్రం సాక్ష్యం చెప్పదు కదా!

ఒక చలికాలం ఆదివారం మాస్టారు డైవర్లందరినీ పిలిచారు. తుపానుకి తెగిపోయిన పాత వలలు సముద్రం అడుగున రాళ్లకు చిక్కుకుని, చేపల్నీ తాబేళ్లనీ ఊరికే చంపుతున్నాయి. వాటిని కోసి పైకి తేవాలి.

"ఒకరు కొయ్యాలి, ఇంకొకరు కోసిన అంచు పట్టుకోవాలి. పట్టుకునే మనిషి లేకుండా వల జోలికి పోవద్దు," అని మాస్టారు గట్టిగా చెప్పారు. ఆపైన, "మనకి కొత్త పడవ వస్తోంది. చూడవచ్చే జనాన్ని దాంట్లో తీసుకెళ్లి దించడానికి పెద్ద డైవరు కావాలి. ఈవేళ మీ పని చూసి ఎవరో చెబుతాను," అన్నారు.

అందరూ ఎల్లాజీ వంక చూశారు. ఎల్లాజీ మాత్రం కొత్త పడవలో తాను ఏ మూల నిలబడితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాడు. ఎన్నాళ్లనుంచో అతని కోరిక అదే.

ఆరోజు జతలు చీటీల మీద తేల్చారు. ఎల్లాజీ చీటీలో హైమావతి అనే పేరు వచ్చింది.

హైమావతి కాకినాడ మనిషి. అక్కడ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం నడిపేది. పిల్లలు పెద్దవాళ్లయ్యాక, తీరుబడి దొరికాక డైవింగ్ నేర్చుకుంది. సూది వెంట్రుకవాసి పక్కకి జరిగితే కుట్టు తప్పుతుందని తెలిసిన మనిషి కాబట్టి, ఏ మరనీ బిగించి చూడకుండా వదిలేది కాదు. పడవ ఎక్కగానే నేరుగా ఎల్లాజీ దగ్గరకి వచ్చింది.

"నమస్తే అండి. మనిద్దరం ఎప్పుడూ కలిసి దిగలేదు కదండీ, కాస్త మాట్లాడుకుందామా?" అంది.

"నీళ్లలోకి దిగాక మాటలేటుంటాయక్కా?" అన్నాడు ఎల్లాజీ.

"దిగాక ఉండవనే కదండీ, ఇప్పుడు మాట్లాడుకుందామంటున్నాను."

పడవలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఎల్లాజీ మొహం చిట్లించాడు.

"నీళ్లలో నేను కనబడకపోతే మీరేం చేస్తారండి?" అని అడిగింది హైమావతి.

"నానేటి సేస్తాను? మీరే నన్ను ఎతుక్కోవాల."

"అలా కాదండి. కాసేపు చుట్టూ చూసి, దొరక్కపోతే ఇద్దరం పైకి వచ్చేద్దాం. సరేనా అండి?"

"సరే సరే."

ఆవిడ అతని భుజం పట్టీ లాగి చూసింది. నడుం పట్టీ లాగి చూసింది. వంగి పిక్క వైపు చూసి, "మీ కత్తి ఒర మీద పట్టీ పెట్టలేదండి. జారిపోతుంది," అంది.

ఎల్లాజీ కాలు వెనక్కి లాక్కున్నాడు. "అది ఎప్పుడూ అలాగే ఉంటాదక్కా. ఎక్కడికీ పోదు."

"వెనక్కి తిరగండి, సిలిండరు దగ్గర చూడాలి."

ఇక ఎల్లాజీకి ఓపిక అయిపోయింది. "ఇది డైవింగా, పెళ్లిచూపులా? ఇంకాసేపుంటే నన్ను పాట పాడమంటారు!" అన్నాడు. పడవంతా గొల్లుమంది.

"పాడితే వింటానండి, ముందు తిరగండి," అని హైమావతి అంటూనే ఉంది. ఎల్లాజీ ధబ్బున నీళ్లలోకి దూకేశాడు. పాపం, ఆవిడ తన పట్టీలు మాస్టారి చేత చూపించుకుని, అతని వెనకే దిగింది.

ఆరోజు నీళ్లు బియ్యం కడిగిన కడుగులా తెల్లగా కలగిపోయి ఉన్నాయి. నాలుగు బారల దూరంలో ఏముందో కనిపించదు. అలాంటి నీళ్లలో జతగాడి పక్కనే ఉండాలి. ఎల్లాజీ మాత్రం కాళ్లు టపటపా ఆడించుకుంటూ ముందుకు దూసుకుపోయాడు. వెనక్కి తిరిగి చూడటమన్నది అతని జాతకంలోనే లేదు.

పెద్ద రాయి ఒకటి ఎదురైంది. దాని నిండా పచ్చటి నైలాన్ వల పరుచుకుని ఉంది. అంత పెద్ద వల ఇంకెవరికీ దొరికి ఉండదు. దీన్ని ఒక్కడే పైకి తెస్తే పెద్ద డైవరు పదవి తనది కాక ఇంకెవరిది? ఎల్లాజీ సంబరంగా పిక్క మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఒర ఉంది, కత్తి లేదు. దారిలో ఎక్కడ జారిపోయిందో సముద్రానికే తెలియాలి.

బుద్ధి ఉన్నవాడైతే అక్కడితో వెనక్కి తిరిగేవాడు. ఎల్లాజీకి బుద్ధి లేదని కాదు, దాన్ని ఒడ్డున వదిలి వచ్చాడు. 'కత్తి లేకపోతే చేతులు లేవా?' అనుకున్నాడు. వల అంచు రెండు చేతులా పట్టుకుని, రాతికి కాలు తన్నిపెట్టి, బలమంతా పెట్టి లాగాడు.

వల ఊడింది. ఊడిన వలను పట్టుకునే రెండో మనిషి లేడు. అలల ఊపుకి అది పైకి లేచి, తిరిగి మెల్లగా దిగి, ఎల్లాజీని నెత్తినుంచి కప్పేసింది. అతను గబుక్కున ముందుకి ఈదాడు. వీపు వెనక సిలిండరు మెడకి వల తగులుకుంది. కుడివైపు తిరిగితే ఒక చుట్టు పడింది. ఎడమవైపు తిరిగితే ఇంకో చుట్టు పడింది. భుజం మీదుగా చెయ్యి వెనక్కి చాపాడు, ముడి అందలేదు. నడుం కిందనుంచి చాపాడు, అదీ అందలేదు. పోనీ సిలిండరు విప్పేసుకుందామంటే, పట్టీల మీదే వల బిగుసుకుపోయి ఉంది. వలలు అల్లే ఇంట్లో పుట్టినవాడు వలలోనే చిక్కాడు.

గాలి ఎంత ఉందో మీటరులో చూసుకున్నాడు. ముల్లు కిందికి దిగుతోంది. భయం వేసింది. భయం వేసేసరికి ఊపిరి ఎక్కువైంది. ఊపిరి ఎక్కువయ్యేసరికి ముల్లు ఇంకా తొందరగా దిగింది. నడక రాకముందే ఈత వచ్చిందని చెప్పుకునే అమ్మ మొహం కళ్లముందు మెదిలింది. ఎల్లాజీ తన జీవితంలో మొదటిసారి, పక్కన ఎవరైనా ఉన్నారా అని చూశాడు. ఎవరూ లేరు. ఉండనిచ్చింది ఎవరు?

అవతల హైమావతి అన్న మాట ప్రకారం చుట్టూ వెతికింది. ఎల్లాజీ జాడ లేదు. ఒంటరిగా ముందుకి పోకుండా మెల్లగా పైకి వచ్చేసింది. పడవ పట్టుకుని, నీటి మీద కళ్లు చిట్లించి చూసింది. అంత దూరాన, మిగతా జతలకి ఎడంగా, ఒంటి వరుసలో బుడగలు లేస్తున్నాయి. డైవరు ఊపిరి వదిలితే ఆ గాలే బుడగలై పైకి తేలుతుంది.

"మాస్టారూ, ఒక్కచోట నిలవని మనిషి కదండీ ఆయన. ఆ బుడగలు చూడండి, ఉన్నచోటే లేస్తున్నాయి. ఆయన కదలటం లేదండి. ఎక్కడో చిక్కుకుపోయారు!" అంది.

మాస్టారు పడవను అటు పోనిచ్చి, ఆదరాబాదరాగా సిలిండరు తగిలించుకుని, దూకడానికి పడవ అంచు మీద కూర్చున్నారు.

"ఆగండి," అంది హైమావతి.

"ఆగడానికి ఇప్పుడు టైమెక్కడిదమ్మా!"

"ఒక్క క్షణం ఆగండి మాస్టారూ."

ఆయన ఆగారు. ఆవిడ పట్టీలు రెండూ లాగి చూసి, ఆయన వెనక్కి చెయ్యి పోనిచ్చింది. "మాస్టారూ, మీ సిలిండరు గాలి తెరవలేదండి," అంటూ దాని పిడి గిర్రున తిప్పింది.

మాస్టారు అలాగే దూకి ఉంటే ఒకరికి బదులు ఇద్దరిని వెతుక్కోవాల్సి వచ్చేది.

ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బుడగల వెంట కిందికి దిగారు. అడుగున ఎల్లాజీ వలలో మూటలా వేలాడుతున్నాడు. గాలి ముల్లు అడుగంటింది. హైమావతిని చూడగానే అతని కళ్లు చాటంత అయ్యాయి. ఆవిడ ముందుగా తన పసుపుపచ్చ గొట్టం తీసి అతని చేతిలో పెట్టింది. ఎల్లాజీ దాన్ని నోట్లో పెట్టుకుని గుండెలనిండా పీల్చాడు. ఇంకొకరు తనకోసం మోసుకొచ్చిన ఊపిరి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

మాస్టారు వల అంచు కదలకుండా పట్టుకున్నారు. హైమావతి ఎల్లాజీ పక్కనుంచే వీపు వైపుకి వంగింది. ఆవిడ తెచ్చుకున్నది కత్తి కాదు, కత్తెర. గుడ్డ కత్తిరించినంత తీరిగ్గా ఒక్కొక్క పోగూ కత్తిరించింది. వల విడిపోయింది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని మెల్లగా పైకి వచ్చారు.

పడవ ఎక్కాక ఎల్లాజీ ముందు ఏడ్చాడు. ఆ తర్వాత సిగ్గుతో నవ్వాడు.

"అక్కా, నా వీపు మీద ఏటి తగులుకుందో నాకే కనబడనేదు," అన్నాడు.

"ఎవరికి కనబడుతుందండి బాబూ! కుట్టుమిషనైతే తలకిందులు చేసి చూస్తాను. మనల్ని మనం తలకిందులు చేసుకోలేం కదండీ. అందుకే పక్కన ఇంకొకరు," అంది హైమావతి. అని, తన డబ్బాలోంచి ఒక పూతరేకు తీసి అతని చేతిలో పెట్టింది.

ఎల్లాజీ పూతరేకు చేత్తో పట్టుకునే మాస్టారి వంక చూశాడు. కొత్త పడవ సంగతి అతను అడిగేలోపే మాస్టారే చెప్పారు.

"ఈ ఏడు నీకు ఇవ్వను ఎల్లాజీ. ఒక్క జతమనిషిని వెనక వదిలేసి పోయినవాడికి పదిమందిని ఎలా అప్పజెప్పను? నేనూ తప్పు చేశాను, గాలి తెరవకుండా దూకబోయాను. కానీ ఆవిడ ఆగమంటే ఆగాను. నిన్నూ ఆగమంది. నువ్వు ఆగలేదు. మనిద్దరికీ తేడా అదొక్కటే."

ఎల్లాజీ తల వంచుకున్నాడు. ఎన్నాళ్ల కోరికో చేతిదాకా వచ్చి జారిపోయింది. అయినా అతను అలిగి ఇంట్లో కూర్చోలేదు. మర్నాటినుంచి ఎవరితో దిగినా, ముందు పేరు అడిగేవాడు, పట్టీలు చూసేవాడు, తన పట్టీలు చూపించుకునేవాడు. నీళ్లలో మాటిమాటికీ పక్కకి తిరిగి చూసేవాడు. మొదట్లో మెడ నొప్పెట్టింది, తర్వాత అలవాటైంది. హైమావతి కాకినాడనుంచి వచ్చినప్పుడల్లా ఆవిడ జత తనకే కావాలని పోట్లాడేవాడు.

మరుసటి చలికాలానికి మాస్టారు కొత్త పడవ అతనికే అప్పజెప్పారు.

ఒకరోజు ఆ పడవలోకి కండలు తిరిగిన కుర్రాడొకడు వచ్చాడు. ఈతపోటీల్లో పతకాలు గెలిచిన వాడట. ఎల్లాజీ అతన్ని ఇంకొక ఆయనతో జత చేసి, ఒకరి పట్టీలు ఒకర్ని చూసుకోమన్నాడు. కుర్రాడు విసుగ్గా, "ఏంటి సార్ ఇది, డైవింగా, పెళ్లిచూపులా?" అన్నాడు.

ఎల్లాజీ పగలబడి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడో ఆ కుర్రాడికి అర్థం కాలేదు.

"పెళ్లిచూపులే బాబూ. కాకపోతే ఇక్కడ మొహం కాదు, వీపు చూస్తాం. తిరుగు," అన్నాడు. కుర్రాడు తిరిగాడు. చూద్దుము కదా, సిలిండరు పట్టీ ఊడి వేలాడుతోంది.

చూశారా పిల్లలూ, ఎంతటి మొనగాడికైనా తన వీపు తనకు కనిపించదు. దాన్ని చూసిపెట్టే తోడుని చులకన చేసినవాడు తన ప్రాణాన్నే చులకన చేసుకుంటాడు.