నూనె తాగిన కాటుక

అనగనగా, మనుషుల మాట పశువులకూ, పశువుల మాట మనుషులకూ తెలిసే రోజుల్లో, మల్లెకొండ అని ఒక చిన్న రాజ్యం ఉండేది. అక్కడి పశువులు చక్కగా మాట్లాడేవి. కూర్చుని వినే ఓపిక ఉన్న మనుషులే కరువు.

ఆ కొద్దిమందిలో నాంచారి ఒకతె. ఇరవై ఏళ్ళ పిల్ల. రాజుగారి దొడ్డిలో గేదెల ఆలనాపాలనా ఆమెదే. ఆమెకో విచిత్రమైన అలవాటుండేది. కంటపడిన ప్రతిదాన్నీ లెక్కపెట్టేది. ఎగిరే కొంగల్ని, ఎక్కే మెట్లని, చివరికి రాజుగారి ఆవలింతల్ని కూడా.

దొడ్డిలో పన్నెండు గేదెలున్నా నాంచారి ప్రాణమంతా కాటుక మీదే. పుట్టిన మూడో రోజే తల్లిని పోగొట్టుకున్న ఆ దూడకు తన వేళ్ళు చీకించి పాలు తాగడం నేర్పింది ఆమే. ఇప్పుడు కాటుక ఏడేళ్ళ గేదె. పాలు బాగా ఇచ్చేది, అంతకన్నా బాగా సణిగేది.

"పిల్లా, కుడితి చప్పగా ఉంది," అనేది. "పిల్లా, ఈ ఈగ నా చెవిలో కాపురం పెట్టింది, చూడు," అనేది.

మల్లెకొండలో ఒక ఆచారం ఉంది. ఏ ఇంట్లో బిడ్డకు అన్నప్రాసన జరిగినా, మొదటి ముద్దలోకి నెయ్యి రాజుగారి దొడ్డి నుంచే వెళ్ళాలి. పేదా గొప్పా తేడా లేదు. అంతకు ముందటేడు పంటలు విరగపండాయి, పెళ్ళిళ్ళు జోరుగా జరిగాయి. దాంతో ఈ ఏడు ఊరంతా ఉయ్యాలలే! దొడ్డి నెయ్యి చాలడం లేదు.

పృథ్వీధర మహారాజు దాణా కొట్టు పెద్ద భద్రయ్యను పిలిపించాడు.

"భద్రయ్యా, నెయ్యి పెరగాలి. ఏం చేస్తావో చెయ్యి," అన్నాడు.

భద్రయ్య మంచివాడు. పశువులకు పెట్టనిదే తాను ముద్ద ముట్టేవాడు కాదు. కానీ అతని ఆలోచన ఒక్క అడుగు వేసి ఆగిపోయేది. నెయ్యి కొవ్వే, నూనే కొవ్వే. లోపలికి నూనె పోస్తే బయటికి నెయ్యి రాదూ, అనుకున్నాడు. తిన్నగా గానుగ దగ్గరికి వెళ్ళి కుండలకొద్దీ నువ్వుల నూనె తెప్పించాడు.

ఆ రాజ్యంలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. కాటుక పాలు తోడుపెట్టి, చిలికి, వెన్న కాస్తే రోజుకు నిండు సోల నెయ్యి దిగేది.

ముందు ఒక్క కాటుకతోనే చూద్దామని, మొదటి పది రోజులు భద్రయ్య దాని దాణాలో గిద్దెడు నూనె పోశాడు. కాటుక ఒళ్ళు మెరిసింది. నెయ్యి మాత్రం అదే సోల.

"చూశావా అమ్మడూ, ఒంటికి పడుతోంది!" అని నాంచారితో అంటూ మురిసిపోయాడు భద్రయ్య. "కొలత చాలలేదు, అంతే."

రెండో పది రోజులు సోలెడు పోశాడు. నెయ్యి మూడు గిద్దలకు దిగింది.

"ఇంకా చాలడం లేదు," అన్నాడు భద్రయ్య. కోట విందుల కోసం మేపుతున్న పొట్టేళ్ళకు కూడా నూనె పట్టించడం మొదలుపెట్టాడు.

మూడో పది రోజులు తవ్వెడు పోశాడు. నెయ్యి రెండు గిద్దలకు పడిపోయింది. వెన్న ముద్ద కట్టకుండా వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. పేడ పిడకకు నిలవనంత పలచనైంది.

అప్పుడే వంటశాల పెద్ద కామాక్షమ్మ ఒక చేత్తో గిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో గరిటె ఊపుకుంటూ దొడ్డిలోకి వచ్చింది.

"ఏం మేపావయ్యా ఆ పొట్టేళ్ళని? కూర చల్లారితే కొవ్వు తెల్లగా గడ్డకట్టాలి. ఇది రాత్రి పెట్టిన గిన్నె. ఇదుగో, ఇప్పటికీ జావలా కదులుతోంది! అతిథుల ముందు నా పరువు తీశావు," అంది.

భద్రయ్య తల వంచుకుని రాజుగారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. రాజుకు కోపం వచ్చింది.

"తవ్వెడు నూనె తాగి అరసోల నెయ్యి ఇస్తుందా? ఇక ఆ గేదె పని అయిపోయినట్టే. సంతకు తోలేయండి. ఆ చోటులో ఇంకో గేదెను కట్టండి."

పాలు తగ్గిన గేదె సంతకు వెళితే అక్కణ్ణుంచి ఎక్కడికి వెళుతుందో దొడ్డిలో అందరికీ తెలుసు. నాంచారి పరుగున వచ్చి రాజుగారి ముందు నిలబడింది.

"మహారాజా, ఇరవై ఒక్క రోజులు నాకివ్వండి. పాత సోల నిండకపోతే అప్పుడు మీ చిత్తం," అంది.

రాజు ఒప్పుకున్నాడు.

నాంచారి కాటుక ముందు మఠం వేసుక్కూర్చుంది. "ఏమైందే నీకు? చెప్పు," అంది.

"అమ్మయ్య, అడిగేవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారు," అంది కాటుక. "నెల రోజులుగా చెబుతూనే ఉన్నాను. భద్రయ్యేమో 'తాగమ్మా, తాగు' అన్నాడు. నువ్వేమో 'సణక్కే' అన్నావు."

నాంచారి సిగ్గుపడింది. కాటుక గంగడోలు నిమిరింది. "తప్పు నాదే. ఇప్పుడు చెప్పు, వింటాను."

"మా గేదెల్లో తరతరాలుగా చెప్పుకునే మాట ఒకటుంది. మా పొట్టలో కంటికి కనబడని వంటవాళ్ళు వేలకు వేలు ఉంటారట. మేం గడ్డి మింగితే వాళ్ళు దాన్ని పట్టుకుని, నానబెట్టి, ఉడకబెట్టి పాలకు వెన్న అందిస్తారట. ఇప్పుడు పైనుంచి నూనె వచ్చి పడుతోంది. గడ్డంతా జిడ్డు. పాపం, వాళ్ళకు పట్టు దొరకడం లేదు. తిన్న గడ్డి తిన్నట్టే జారిపోతోంది."

నాంచారి లేచి పేడ కదిపి చూసింది. నిజమే! వేలెడేసి చొప్ప ముక్కలు అరక్కుండా అలాగే ఉన్నాయి.

మరి ఎంత తేడా వచ్చిందో తెలిసేదెలా? కాటుక నెమరు వేయడం మొదలుపెట్టింది. నాంచారికి ఊరుకోవడం చేతకాదు కదా, లెక్కపెట్టింది. మొదటి ముద్దను కాటుక ముప్పై నాలుగు సార్లు నమిలి మింగేసింది. తర్వాతి ముద్ద ముప్పై ఆరు. ఆ తర్వాతిది ముప్పై మూడు.

"తింటుంటే లెక్కపెడతావేంటి పిల్లా, దిష్టి తగులుతుంది," అంది కాటుక.

నాంచారి వినలేదు. దొడ్డి దాణా ముట్టని గేదెను చూడాలని కోట బయట తోటమాలి గేదె దగ్గరికి పరుగెత్తింది. ఆ గేదె ఏనాడూ నూనె ఎరగదు. గడ్డి, చొప్ప, గుప్పెడు పత్తిగింజలు, అంతే దాని మేత. లెక్కపెట్టింది. యాభై ఎనిమిది. అరవై. యాభై ఏడు.

నూనె పడితే నెమరు తగ్గుతోందన్న మర్మం నాంచారికి దొరికింది. నూనె పూర్తిగా మాన్పించింది. పచ్చగడ్డి, జొన్న చొప్ప కడుపునిండా పెట్టింది. పత్తిగింజలు పూటకు రెండు గుప్పెళ్ళు చొప్ప మీద చల్లింది.

"గింజలో కూడా నూనే కదా అమ్మడూ?" అని భద్రయ్య ఆశ్చర్యపోయాడు.

"నూనే బాబాయ్. కానీ గింజ మూతపెట్టిన కుండలాంటిది. నెమరు వేసినకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. లోపలి వంటవాళ్ళు ఉక్కిరిబిక్కిరవరు. నువ్వేమో కుండ బోర్లించావు."

నాంచారి రోజూ నమిలిన లెక్క తీసి దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసింది. అయిదో రోజుకు నలభై ఒకటి. తొమ్మిదో రోజుకు నలభై తొమ్మిది. నెయ్యి మూడు గిద్దలకు చేరింది.

పదో రోజు సాయంత్రం లెక్కపెడితే ముప్పై ఏడు! ఇంకో ముద్ద చూసింది. ముప్పై ఎనిమిది. మర్నాడూ అంతే. ఆపై పూట వెన్న జారిపోయింది.

నాంచారికి ఏడుపొచ్చింది. కాటుక మూతి వాసన చూసింది. నువ్వుల నూనె!

"ఎవరు పోశారే? ఎందుకు తాగావు?"

కాటుక మొహం పక్కకు తిప్పుకుంది. "నువ్వు గడ్డి కోతకు వెళ్ళినప్పుడు భద్రయ్య వచ్చాడు. 'నిన్ను సంతకు పంపేస్తారే తల్లీ, ఇది తాగితే బతుకుతావేమో' అని ఏడుస్తూ సోలెడు పోశాడు. రెండు రోజులు. అలా ఏడ్చేవాణ్ణి కాదని ఎలా అనను పిల్లా?"

అంత ప్రేమతో చేసిన పనికి నాంచారి భద్రయ్యను ఏమని తిడుతుంది? గోడ దగ్గరికి తీసుకెళ్ళి అంకెలు మాత్రం చూపించింది. నలభై తొమ్మిది తర్వాత ముప్పై ఏడు. భద్రయ్యకు అప్పుడు అర్థమైంది. నూనె కుండలన్నీ బండికెక్కించి గానుగకు తిరిగి పంపేశాడు.

ఇరవై ఒకటో రోజు వచ్చింది. రాజు దొడ్డికి వచ్చాడు. అందరి ఎదుటా చల్ల చిలికారు. వెన్న గట్టిగా, తెల్లగా, కొబ్బరికాయంత ముద్ద కట్టింది. కాచి సోలలో పోశారు.

నెయ్యి పైకి వచ్చింది, వచ్చింది, అంచుకు అరగిద్ద కిందే ఆగిపోయింది.

నాంచారి సోల దగ్గరికి వంగి చూసింది.

"అరగిద్ద తక్కువ," అన్నాడు రాజు.

"తక్కువే మహారాజా," అంది నాంచారి. "కానీ ఈ గోడ చూడండి. రెండు గిద్దల దగ్గర మొదలుపెట్టాం, మూడున్నరకు వచ్చాం. మధ్యలో రెండు రోజులు వెనక్కి పోకపోతే ఈపాటికి సోల నిండేది."

రాజు గోడ మీది అంకెలు చూశాడు. ముప్పై ఏడు దగ్గర వేలు పెట్టాడు. "ఇక్కడేమైంది? ఎవరిది ఈ తప్పు?"

నాంచారి వంగి కాటుక పలుపు సర్దసాగింది. కాటుక గడ్డి నముల్తూ పైకప్పు వంక చూసింది.

అప్పుడు భద్రయ్య ముందుకొచ్చి చేతులు జోడించాడు. "నాది మహారాజా. ఆ అరగిద్ద నాదే. కాటుక మీద జాలితో మళ్ళీ నూనె పోశాను. దాని ప్రాణం నిలబెడుతున్నాననుకుని దాని పొట్ట కొట్టాను. శిక్షేదో నాకు వేయండి. గేదెను పంపకండి."

రాజు పట్టుపంచె ఎగ్గట్టి, కాటుక ముందు గడ్డి మీద కూర్చున్నాడు. కాటుక ఒక ముద్ద పైకి తెచ్చుకుంది. రాజు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. మధ్యలో తప్పాడు. నవ్వి మళ్ళీ మొదలుపెట్టాడు. మూడు ముద్దలు లెక్కపెట్టాడు. యాభై ఆరు, యాభై ఎనిమిది, యాభై ఏడు.

"మహారాజుకైనా నేను చెప్పేదొకటే. తినేటప్పుడు నా నోటి వంక చూడకూడదు," అంది కాటుక.

రాజు పకపకా నవ్వాడు. ఇన్నేళ్ళలో ఒక గేదె మాట ఆయన విన్నది అదే మొదటిసారి.

"నెయ్యి కావాలన్నాను గానీ, దాన్ని ఇచ్చే పశువు వంక ఒక్కసారైనా చూడలేదు. అరగిద్దలో నాకూ వాటా ఉంది," అన్నాడు రాజు. "కాటుక ఎక్కడికీ వెళ్ళదు. నాంచారీ, ఈ రోజు నుంచి దొడ్డిలో ఏ పశువు ఏం తినాలో నువ్వే చెబుతావు. భద్రయ్యా, తప్పు నీ నోటితో ఒప్పుకున్నావు కనుక కొలువు నీదే. శిక్ష మాత్రం ఉంది. దాణా పెట్టే ముందు రోజూ ఒక్కో గేదె దగ్గర కూర్చుని నెమరు లెక్కపెట్టాలి."

"పన్నెండు గేదెలవీనా మహారాజా?" అన్నాడు భద్రయ్య నోరెళ్ళబెట్టి.

"రెండు పొట్టేళ్ళు మిగిలాయి, వాటివి కూడా," అంది వెనక నుంచి కామాక్షమ్మ.

నాలుగు రోజులు తిరిగేసరికి కాటుక నెయ్యి సోల నిండి పొర్లింది. భద్రయ్య మాత్రం ఇప్పటికీ నలభై దాటితే లెక్క తప్పుతుంటాడు. అప్పుడు కాటుకే నమలడం ఆపి, "నలభై మూడు భద్రయ్యా, నలభై మూడు," అని అందిస్తుంటుంది.

పిల్లలూ, ప్రేమతో పెట్టడం ఒక్కటే చాలదు. తినేవాళ్ళ మాట విని, వాళ్ళకు ఒంటబట్టేంత పెట్టినప్పుడే ఆ ప్రేమ మేలు చేస్తుంది.