గొంగళమ్మ తోలు చొక్కా

ఒట్టేసి చెప్తున్నా, ఇది మీరు చచ్చినా నమ్మరు. నమ్మకపోతే మానెయ్యండి, వినడం మాత్రం వినండి.

మారేడుమిల్లి అడవిలో వాగు ఒడ్డున ఓ మద్దిచెట్టు. ఎంత ఎత్తంటే, మేఘాలు దాని చుట్టూ తిరిగి పోవాల్సొచ్చేది. దాని తొర్రలో ఓ ఎగిరే ఉడుత తన పిల్లతో కాపురముండేది. ముందుకాలి నుంచి వెనకకాలి దాకా దానికి గొంగళి కప్పుకున్నట్టు వదులు తోలు వేలాడేది. అందుకని అడవంతా దాన్ని గొంగళమ్మ అనేది. పై కొమ్మలో నాజూకయ్యని ఓ చారల ఉడుత. తన తోక చూసుకుని తనే మురిసిపోయే రకం.

"వదినా, ఎవరి చొక్కా తొడుక్కున్నావ్?" అని రోజూ ఏడిపించేవాడు. "గాలి దాన్ని పట్టుకుని నిన్ను ఆపేస్తోంది. కట్టేసుకో, బాణంలా పోతావ్."

గాలి ఆపడం నిజమే, దూకినప్పుడల్లా గొంగళమ్మకి తెలుస్తూనే ఉంది. పైగా సిగ్గు. ఓ తీగ తెచ్చి తోలంతా ఒంటికి బిగించి రొమ్ము మీద ముడేసుకుంది. వాగు నీళ్లలో చూసుకుని బానే ఉన్నాననుకుంది కూడా, పాపం.

ఆ సాయంత్రమే కొండ మీద వాన పడి వాగు పొంగింది. మద్దిచెట్టు వేళ్లు తేలి ఒరిగిపోతోంది. అవతలి ఒడ్డుకి దూకాలి, లేదా మునగాలి.

నాజూకయ్య ముందు దూకాడు. బాణంలానే పోయాడు. కాకపోతే కిందికి.

గొంగళమ్మ పిల్లని వీపుకి అంటించుకుని దూకింది. నేల గుంజేసింది. వాగు నోరు తెరుచుకుని పైకొచ్చేస్తోంది.

"అమ్మా, రోజూలా పోదామే" అని ఏడ్చింది పిల్ల.

గొంగళమ్మ ముడి కొరికేసింది. తోలు ఫట్టుమని విచ్చుకుంది. ఇందాక పట్టు దొరక్క పక్కలకి జారిపోయిన గాలే ఇప్పుడు కింద చేరి, తెరచాపని ఉబ్బించినట్టు ఉబ్బించి పైకి తోసింది. నేల లాగుతూనే ఉంది, గాలి మోస్తూనే ఉంది. ఆ రెంటి మధ్యా మెల్లగా జారుతూ అవతలి ఇప్పచెట్టుని పట్టుకుంది.

చాలాసేపటికి నాజూకయ్య ఓ దుంగ పట్టుకుని ఒడ్డెక్కాడు. ముద్దుల తోక తడిసి తాడైపోయింది. గజగజ వణుకుతున్నాడు. గొంగళమ్మ నవ్వలేదు.

"రా మరిదీ, ఈ చొక్కాలో నీక్కూడా చోటుంది" అని తోలు కప్పింది.

నీతి: అడ్డొస్తోందని మనం తిట్టుకునేదే ఒక్కోసారి పడిపోకుండా పట్టుకుంటుంది. కాదంటారా? అయితే రెండు టేకాకులు తెచ్చి, ఒకటి ఉండ చుట్టి, ఒకటి అలాగే ఉంచి, ఒకేసారి వదలండి. రెండూ కలిసి నేల మీద పడ్డాయంటే నా మీసం తీయించుకుంటా.