తాటాకు మూసి చెప్పండి సామీ!

రేపు పరీక్షనగా, ఆస్థాన పండితుడు పదిహేనేళ్ల నాంచారిని బడి నుంచి గెంటేశాడు. "నూరుసార్లు తాటాకు చూసి చదివించాను. ఒక్క పద్యమూ రాలేదు. మట్టిబుర్ర!" అన్నాడు.

ఆ మాట వినగానే తల్లి కుమ్మరి కోటమ్మకు ఒళ్లు మండింది. చేతుల మట్టైనా కడుక్కోకుండా నేరుగా కొలువుకు వెళ్లింది. అక్కడ పండితుడు రోజూలాగే తాటాకు చూసి రాజుగారి బిరుదులు చదువుతున్నాడు. కోటమ్మ ఆ ఆకు లాగేసుకుంది.

"ఇరవై ఏళ్లుగా ఇవే చదువుతున్నారుగా! ఇప్పుడు చూడకుండా చెప్పండి."

మూడో బిరుదు దగ్గరే పండితుడు నీళ్లు నమిలాడు. రాజు ముఖం జేవురించింది.

"మరి నా కూతురిదేనా మట్టిబుర్ర? నేర్పేటప్పుడు ఒక్కనాడైనా ఆకు మూసి చెప్పించారా?" అని కోటమ్మ గద్దించింది. "కుండ వంకరపోతే మేము మట్టిని తిట్టం సామీ, మా చేతుల్ని తిట్టుకుంటాం!"