గోడకు తల ఆనించరాదు

రెడ్డెప్ప ఇళ్ళు బాగుంటాయి. ఆ మాట వాటిలో దిగినవాళ్ళంతా ఒప్పుకుంటారు. ఒప్పుకుని వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అదే అతని బాధ.

మదనపల్లె దాటాక కొండెక్కే దారిలో, ఒకప్పుడు టమోటా వేసిన చేలో మూడు చిన్న ఇళ్ళు కట్టాడు రెడ్డెప్ప. బెంగళూరు నుంచి కార్లేసుకుని సెలవులకు వచ్చేవాళ్ళకు రోజువారీ అద్దెకిస్తాడు. మొదటి ఏడాది ఫోను మోగుతూనే ఉండేది. రెండో ఏడాది, మోగితే ఉలిక్కిపడేదాకా వచ్చింది. పండగ రోజుల్లో రేటు పెంచి చూశాడు. వారం మధ్యలో సగానికి తగ్గించి చూశాడు. ఫోటోలు మళ్ళీ తీయించాడు. కొత్తవాళ్ళు ఒకసారి వస్తున్నారు, అంతే.

ఇలాంటి ఇళ్ళు నడిపే బెంగళూరు కంపెనీ ఒకటి మూడింటినీ లీజుకు అడుగుతోంది. ఈ ఎండాకాలం కూడా నిండకపోతే ఇచ్చేద్దామని అతనూ భార్య నాగరత్నా అనుకున్నారు. ఇస్తే ఇంట్లో జరుగుబాటుకు లోటుండదు. కాకపోతే తాళాలు కంపెనీవి, కొళాయిలూ బల్బులూ చూసుకునే కాపలా ఉద్యోగం రెడ్డెప్పది. పొద్దునా సాయంత్రం తానే నీళ్ళు కొట్టి తడిపి లేపిన గోడల ముందు తానే యూనిఫాం వేసుకుని నిలబడాలి. అది తలచుకుంటే అతనికి ముద్ద దిగేది కాదు.

కొండ కింద చిన్న దర్గా ఉంది. దాన్ని చూసుకునే మస్తాన్ సాహెబును అందరూ తాతా అని పిలుస్తారు. ఆయన తాయెత్తులు కట్టడు, జోస్యాలు చెప్పడు. వచ్చినవాళ్ళకు టీ పోస్తాడు. మీసాలు రాకముందు నుంచీ రెడ్డెప్ప ఆయన శిష్యుడు. శిష్యరికమంటే ఏం లేదు, వెళ్ళి ఆయన పక్కన కూర్చుంటాడు. ఆయన చెప్పింది పెద్దగా ఉండదు గానీ, లేచేటప్పటికి మనసు తేలికవుతుంది.

ఆ రోజు కూర్చోకుండానే అడిగాడు.

"తాతా, ఒక్క మాట చెప్పు. రేటు పెంచమంటావా, తగ్గించమంటావా?"

"నీ ఇండ్లు నేను చూడనే లేదు కదప్పా. చూపించు ముందు."

రెడ్డెప్ప ఆయన్ని బైకు మీద ఎక్కించుకుని కొండ మీదికి తీసుకెళ్ళాడు.

తాత మొదటి ఇంట్లో అడుగుపెట్టి చుట్టూ చూశాడు. నేల మీద మొహం చూసుకోవచ్చు. మంచం మీద దుప్పటి మడత నలగకుండా ఉంది. కిటికీలోంచి లోయంతా కనిపిస్తోంది. ఆ కిటికీ పక్కనే, ప్లాస్టిక్ తొడిగిన కాగితం మీద గుండ్రటి అక్షరాలు: గోడకు తల ఆనించరాదు.

"ఎవరో ఒకాయన తలకు ఆముదం పట్టించుకోనొచ్చి ఆనించినాడు తాతా. ఆ మరక పోయేదానికి గోడంతా మళ్ళీ సున్నం కొట్టించినా" అన్నాడు రెడ్డెప్ప.

మంచం పైన ఇంకొకటి: దుప్పటి నలపరాదు, తడి తువ్వాళ్ళు వేయరాదు. వరండాలో: కుర్చీలు చెట్టు కిందికి తీసుకుపోరాదు. ఉయ్యాలకు: పెద్దలు కూర్చోరాదు. జామచెట్టు మెడలోనూ ఒకటి వేలాడుతోంది: కాయలు కోయరాదు. ప్రతి కాగితానికీ ఒక కథ ఉంది, ప్రతి కథలోనూ ఒక తుంటరి అతిథి ఉన్నాడు. వాళ్ళంతా ఎప్పుడో ఇంటికి పోయి హాయిగా ఉన్నారు. కాగితాలు మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతి ఒక్కరినీ గదమాయిస్తూనే ఉన్నాయి.

తాత ఒక్కటీ వదల్లేదు. బాత్రూములోది కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాడు.

"నీ అక్షరాలు ముత్యాలప్పా" అన్నాడు చివరికి. "నాగ్గూడా కొన్ని రాసియ్యి. మా దగ్గరా జనం ఎప్పుడంటే అప్పుడు వస్తాండారు."

రెడ్డెప్పకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నేళ్ళలో గురువు తనను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి. రేటు సంగతి కూడా మరిచిపోయాడు. వచ్చే గురువారానికి ఒక కట్ట రాసి, మదనపల్లెలో ప్లాస్టిక్ తొడిగించి, తానే నిచ్చెనెక్కి అంటించాడు. స్తంభాలకు ఆనుకుని కూర్చోరాదు. టీ ఒక్కసారి మాత్రమే. గుమ్మం దగ్గర అన్నిటికన్నా పెద్దది: గురువారం తప్ప ఇతర దినములలో లోనికి రారాదు.

తాత నిచ్చెన పట్టుకున్నాడు. "కొంచెం ఎడమకప్పా" అని కూడా అన్నాడు.

ఆ శనివారం బెంగళూరు నుంచి ఒక కుటుంబం దిగింది. బుధవారం దాకా ఉంటామన్నవాళ్ళు సోమవారం పొద్దున్నే పెట్టెలు సర్దుకున్నారు.

"ఏమన్నా తక్కువైందా అమ్మా?" అని వాళ్ళలో పెద్దావిణ్ణి అడిగాడు రెడ్డెప్ప.

"అయ్యో, ఏం లేదు నాయనా. ఇల్లు అద్దంలా పెట్టుకున్నావు" అందామె, కారులో నడుం పట్టుకుని కూర్చుంటూ.

లోపలికి వెళ్ళి చూస్తే మంచం మీద దుప్పటి మడత నలగలేదు. మూలన చాప మాత్రం పరిచి ఉంది. ఎంత పద్ధతిగల మనుషులు అని మురిసిపోయాడు. మధ్యాహ్నానికి ఫోనులో వాళ్ళిచ్చిన స్టార్లు చూశాడు. ఐదుకు రెండు.

సాయంత్రం కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు, నెల మొదట్లో కాగితాలు తీసుకొస్తానని.

"ఊ అనెయ్" అంది నాగరత్న. "దినామూ ఆ ఫోను పట్టుకోని నువ్వు ఏడుస్తా ఉంటే నేను చూడలేను."

మర్నాడు మంగళవారం. రెడ్డెప్ప బైకు తీసి నేరుగా కొండ దిగాడు. ఊ అనాలా వద్దా, ఆ ఒక్క మాట తాత నోట వినాలి. గబగబా గుమ్మం దాకా వచ్చి, కాలెత్తి, ఆగిపోయాడు.

ఎదురుగా అతని అక్షరాలే. గురువారం తప్ప ఇతర దినములలో లోనికి రారాదు.

లోపల తాత టీ కాస్తున్నాడు. తలెత్తి శిష్యుణ్ణి చూశాడు. తర్వాత కాగితాన్ని చూశాడు. మళ్ళీ గిన్నె వైపు తిరిగాడు.

రెడ్డెప్ప దగ్గాడు. లాభం లేకపోయింది. ఎండ నడినెత్తిన ఉంది. ఇంతలో శనక్కాయలమ్మే గంగులమ్మ వచ్చి, గంప దించి, అతన్ని పక్కకు నెట్టి లోపలికి నడిచింది. స్తంభానికి వీపు ఆనించి కాళ్ళు బారజాపుకుంది. తాత గ్లాసు అందించాడు. తాగింది. ఇంకొంచెం పొయ్యమంది. పోశాడు.

రెడ్డెప్పకు ఒళ్ళు మండింది.

"తాతా, ఈ పొద్దు మంగళవారం! ఆమె ఎట్లొచ్చె లోపలికి?"

"ఆమెకు చదువు రాదప్పా."

"మరి నేనో?"

"నీకు వచ్చు గదా."

గంగులమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమి రెడ్డెప్పా, ఎండలో నిలబడుకోనుండావు? ఎవురన్నా వద్దన్నారా?"

రెడ్డెప్ప చెప్పులు విప్పాడు. "లోపలికి రావచ్చునా తాతా?"

"అది రాసిందెవరు?"

"నేనే."

"మరి నన్నడుగుతావేమి?"

రెడ్డెప్ప ఆ కాగితాన్ని మళ్ళీ చదివాడు. పెళ్ళి కుదిరిన రోజూ, నాయన పోయిన రోజూ ఏ వారమో చూసుకోకుండా ఈ గుమ్మంలోకి పరుగెత్తాడు. ఇప్పుడు పరాయివాడిలా బయట నిలబడ్డాడు. అతనికి ఏడుపొచ్చింది. ఆ వెనకే, నడుం పట్టుకుని కారెక్కిన పెద్దావిడా మూలనున్న చాపా గుర్తొచ్చి సిగ్గేసింది.

కాగితం కొసన గోరు పెట్టి లాగాడు. గట్టిగా అంటించాడేమో, దాంతోపాటు అరచేయంత సున్నం ఊడి నెత్తిన రాలింది. గంగులమ్మ పకపకా నవ్వింది. తాత కూడా నవ్వి, తన పక్కన చాప దులిపాడు.

రెడ్డెప్ప లోపలికి వెళ్ళి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. రెండు గ్లాసుల టీ తాగాడు. ఒళ్ళు చల్లబడ్డాక అడిగాడు.

"మరి రేటు సంగతి తాతా?"

"వచ్చిన మనిషి కూచున్నాక మాట్లాడుకుందువులేప్పా, అది."

ఆ సాయంత్రం నాగరత్న వచ్చి చూసేసరికి మొగుడు నిచ్చెనెక్కి గోడలు గీకుతున్నాడు.

"పిచ్చి పట్టిందా నీకు?"

"ఉన్నింది వదిలిందే" అన్నాడు రెడ్డెప్ప. "ఆ కుర్చీలు చెట్టు కిందెయ్యి."

తర్వాతి శనివారం కోలారు నుంచి వచ్చినాయన, తలనిండా నూనెతో, కిటికీ పక్క గోడకు ఆనుకుని కునుకు తీశాడు. రెడ్డెప్ప గుండె కలుక్కుమంది. నిజంగానే కలుక్కుమంది. పళ్ళు బిగించి, వెళ్ళి ఆయనకు దిండొకటి తెచ్చి ఇచ్చాడు. ఆ పై వారం ఆయన తమ్ముళ్ళనీ వాళ్ళ పిల్లల్నీ వెంటేసుకుని వచ్చి మూడిళ్ళూ తీసుకున్నాడు. రేటు దగ్గర బేరమాడలేదు. వాళ్ళు చెప్పారని ఇంకెవరో వచ్చారు. గోడ మీద మరకలూ పెరిగాయి, ఫోను మోతా పెరిగింది.

నెల మొదట్లో కంపెనీ మేనేజరు కాగితాలతో దిగేసరికి ఒక్క గదీ ఖాళీ లేదు. రెడ్డెప్ప ఆయన్ని తన ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన బూట్లు విప్పేసి, ఉయ్యాలలో కూర్చుని, లోయను చూస్తూ జామకాయలు తిన్నాడు. కాగితాల సంచి పక్కనే ఉంది. జిప్పు తీయలేదు.

పొద్దున బయల్దేరుతూ కారు తలుపు దగ్గర ఆగాడు.

"రెడ్డెప్ప గారూ, మే నెలలో ఎప్పుడు ఖాళీ ఉంటుంది? మా పిల్లల్ని తీసుకొద్దామని."

రెడ్డెప్ప నోరు తెరిచేలోపు నాగరత్న ఫోను చూసి చెప్పింది.

"మేలో లేదు సార్. జూన్‌లో రండి."