చల్లారిన పిండి

అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు సుందరాంబగారికి లేదు. అడిగినవాళ్ళు తమ ప్రశ్నని తామే మరిచిపోయేదాకా ఆగి, అప్పుడు చెబుతారు. అందుకే నాగావళి ఒడ్డున ఆవిడ నడిపే ఆశ్రమంలో శిష్యులు తక్కువ, అంబలి తాగిపోయే బాటసారులు ఎక్కువ.

ఆ పొద్దున వంటసాల చూసుకునే శిష్యురాలు వనజాక్షి, గరిటె తిప్పుతూ తిప్పుతూ ఆపేసింది.

"అమ్మగారూ, వచ్చిన కొత్తలో ఆకలితో ఉన్న మనిషిని చూస్తే నాకు కళ్ళనీళ్ళు వచ్చేవి. ఇప్పుడు ఏమీ రావడం లేదు. గిన్నె చాపితే పోస్తున్నాను, అంతే. నాలో దయ ఇంకిపోయింది. అది లేని మనిషి ఇక్కడెందుకు? మా అక్క దగ్గరికి వెళ్ళిపోనా?"

"అంబలి అడుగంటుతోంది, ముందు అది చూడు," అన్నారు సుందరాంబగారు.

వనజాక్షి చూసింది. అందరికీ పోసింది. నడుం పట్టేసింది. అప్పుడు గుర్తొచ్చింది, మరలో ఆడించిన చోడిపిండిలో, అదే రాగిపిండిలో, సగం రోడ్డు మీద అంబలి పందిరికి పంపాలని. కుంచంతో కొలవబోయింది. నిన్న సాయంత్రం తన చేత్తో ఎనిమిది కుంచాలు కొలిచి డబ్బాలో పోసిన పిండి, ఇంకా వాడకం మొదలుపెట్టనిది, ఇవాళ ఏడుకి మించలేదు.

రాత్రి వంటసాలలో పడుకున్నది అంట్లు తోమే పోలమ్మ ఒక్కతే. దొంగ దొరికిందనుకుంటే ఎంత అలిసిన ఒంట్లోకైనా ఎక్కడలేని ఓపికా వస్తుంది. వనజాక్షి గొంతు ఏటి అవతలికి వినబడింది.

"కుంచెడు పిండి ఏం చేశావే?"

"పచ్చిపిండి నానేటి సేసుకుంటానమ్మా? మొకానికి రాసుకుంటానా?"

"మూట సర్దుకో. పో."

పోలమ్మ ఉన్న రెండు చీరలూ మూట కట్టింది. గుమ్మం దాకా వచ్చి, ఏ వైపు వెళ్ళాలో తెలియక నిలబడిపోయింది. మొగుడు పోయాక ఆ మనిషికి వేరే ఇల్లు లేదు. అది వనజాక్షికీ తెలుసు. తెలిసీ జాలి కలగలేదు. చూశారా అమ్మగారూ, నేను చెప్పలేదూ, అనుకుంది లోపల.

సుందరాంబగారు వచ్చి డబ్బాలోకి తొంగిచూశారు.

"మరవాడు ఎంత తూచి ఇచ్చాడు?"

"పదిహేను కిలోలు."

"కాటా తగిలించు."

ఇద్దరూ కలిసి సంచీలోకి పిండి దించారు. కాటా ముల్లు పదిహేను దగ్గర నిలబడింది. వనజాక్షి సంచీ దించి, మళ్ళీ తగిలించింది. మళ్ళీ పదిహేనే.

సుందరాంబగారు పిడికెడు పిండి తీసి ఆమె అరచేతిలో పోశారు. "నిన్న మరలోంచి వేడివేడిగా వచ్చింది. గాలి నిండి పొంగుమీదుంది. రాత్రి చల్లారి, సర్దుకుని కూర్చుంది."

వనజాక్షి గుమ్మం వైపు నడిచింది. పోలమ్మ చేతిలోని మూటని పట్టుకుంది. ఇక వదల్లేదు.

"ఇయ్యమ్మా, నానే లోపలెట్టుకుంటాను," అంది పోలమ్మ. "నీ కళ్ళు తుడుసుకో ముందు."

సుందరాంబగారు అప్పటికే వాకిట్లోకి దిగారు. అక్కణ్ణించి వెనక్కి తిరక్కుండా అడిగారు.

"పొద్దున నీలో ఏదో తగ్గిందన్నావు. కొలిచావా, తూచావా?"