నీడలో ఉన్నవాటికి దాహమట!

వానాకాలంలో వేళ్లు కుళ్లిపోతాయి మొర్రో అంటున్నా వినకుండా, దివాను శరభయ్య తమలపాకు తోటలోకి కాలవ నీళ్లు వదిలించాడు. ఎందుకయ్యా అంటే, తన మేడ ముందు తామర కొలను పొర్లిపోతోందట! చలికాలమంతా తోట యజమానురాలు నాంచారమ్మ కుళ్లిన తీగలు పీకేసి, మిగిలినవాటికి తడి ఆరినప్పుడల్లా కాసిని నీళ్లు పోసి బతికించుకుంది. తీరా ఎండలు ముదిరి రోజూ నీళ్లు కావలసి వచ్చేసరికి, ఆ మహానుభావుడు తూము మూయించాడు. అదీ ఆ కొలను నింపుకోవడానికే!

"తీగలు వాడిపోతున్నాయి బాబూ" అని వెళ్లి మొరపెట్టుకుంటే, "అవిసె చెట్ల నీడలో చల్లగా ఉన్నవాటికి దాహమేమిటే?" అని కసిరాడు.

రాజుగారి తాంబూలానికి ఆకులు తగ్గాయి. ఆరా తీయడానికి ఓ మిట్టమధ్యాహ్నం దివానే తోటకు వచ్చాడు. తమలపాకు తోటలోకి ఎవరూ చెప్పులతో అడుగుపెట్టరు. ఆయనా గట్టు మీద చెప్పులు విడిచి, కాలే నేల మీద గంతులేస్తూ వచ్చి నీడలో కూలబడ్డాడు.

"నీళ్లు!" అన్నాడు.

నాంచారమ్మ కదల్లేదు. "నీడలోనే ఉన్నారుగా బాబూ, నీళ్లెందుకు?"

"కొవ్వెక్కిందా? నీడలో కూర్చుంటే దాహం తీరుతుందటే? ముందు నీళ్లు, తర్వాతే ఏ మాటైనా!"

ఆమె దివాను వెనక గొడుగు పట్టుకు నిలబడ్డ తూము కావలివాడి వైపు తిరిగింది.

"విన్నావుగా అన్నా, అయ్యగారి హుకుం. నీడలో ఉన్నా ముందు నీళ్లేనట. వెళ్లి తూము ఎత్తు."

దివాను నోరు తెరిచాడు. నాంచారమ్మ చెంబు అందించింది.

ఆయన గటగటా తాగుతుండగానే కాలవలో నీళ్ల చప్పుడు వినబడింది.